నాలుగో అంతస్తు సైకిల్

ఎవరింట్లో సైకిల్ ఉంటుంది, ఎవరింట్లో ఉండదు అన్నది తేల్చడానికి పెద్ద చదువులేం అక్కర్లేదండీ. ఆ పాత మేడ మెట్లెక్కి చూస్తే చాలు. కింది వాటాల్లో మనిషికో సైకిల్. గడప దాటితే రోడ్డు, వాళ్లకేం, మహారాజులు! మొదటి అంతస్తులో ఇంటికొకటి. రెండో అంతస్తులో అయితే కండలు తిరిగిన కొడుకున్న ఇంట్లో మాత్రమే. మూడో అంతస్తులో ఒకప్పుడు ఒకటుండేదట, ఇంటాయన నడుం పట్టేశాక ఎవరికో ఇచ్చేశారు. నాలుగో అంతస్తు సంగతి ఇక అడగనే వద్దు. అంతెత్తుకి రోజూ సైకిల్ మోసుకొచ్చే మనిషికి పిచ్చయినా ఉండాలి, దాని మీద ప్రాణమైనా ఉండాలి. కింద పెట్టి రావచ్చుగా అంటారేమో. పెట్టి చూడండి! తెల్లారేసరికి గంట ఒకడు, సీటు ఒకడు పట్టుకుపోతారు, మీకు మిగిలేది తాళం.

అయినా ఆ నాలుగో అంతస్తులో, కిటికీ పక్కన, ఒక సైకిల్ ఉండేది.

అది ఆ ఇంటి కోడలి మామగారిది. ఆయన కిటికీలకి అద్దాలు బిగించేవారు. క్యారియర్ మీద చెక్కతో చేసిన చట్రం ఒకటి బోల్టులతో బిగించి ఉండేది, లోపల మెత్తటి గుడ్డ. అందులో అద్దాలు నిలబెట్టుకుని ఊరంతా తిరిగేవారు. పొద్దున సైకిల్ భుజాన వేసుకుని దిగడం, సాయంత్రం భుజాన వేసుకుని ఎక్కడం. ఒక సాయంత్రం అలాగే ఎక్కొచ్చి, సైకిల్ స్టాండేసి, మంచినీళ్లు తాగి పడుకున్నారు, మళ్లీ లేవలేదు. సైకిల్ కూడా ఆ స్టాండు మీంచి దిగలేదు.

కోడలు ఆ ఇంటికొచ్చేసరికి పరిస్థితి అదీ. ఆమె వేరే ఊరి పిల్ల. రెండు వీధుల అవతల అట్టపెట్టెలు చేసే షెడ్డులో పనికి కుదిరింది. మొగుడు లిఫ్టు మెకానిక్. ఊళ్లో లిఫ్టులన్నీ ఆయన చెప్పినట్టు వింటాయి గానీ సొంత మేడకి మాత్రం లిఫ్టు లేదు. పాపం, సైకిల్ తొక్కడం కూడా రాదు. "పైకీ కిందికీ తప్ప ముందుకి పోవడం తెలీదు నా కొడుక్కి" అని కన్నతల్లే ఎగతాళి చేసేది. ఆ అత్తగారికేమో మోకాళ్లు పోయాయి. మెట్లు దిగి ఎన్నేళ్లయిందో ఆవిడే మర్చిపోయింది.

ఒక సాయంత్రం అత్తగారు కుర్చీలోంచే అంది, "అమ్మాయ్, ఆ పెడలు కాస్త తిప్పు. చైను బిగుసుకుపోతుంది."

కోడలు వంగి చేత్తో తిప్పింది.

"చేత్తో కాదే. ఎక్కి తొక్కు. లేకపోతే సీటు కూడా బిగుసుకుపోతుంది."

సీటు బిగుసుకుపోవడమేమిటని కోడలికి నవ్వొచ్చింది. అయినా ఎక్కింది. స్టాండు మీదున్న సైకిల్, వెనక చక్రం నేలకి తగలదు. తొక్కితే గాల్లో తిరుగుతుంది. కిటికీలోంచి పడిన సాయంత్రపు ఎండ చక్రం చువ్వల్లో ఇరుక్కుని ఎదురుగోడ మీద గిరగిరా తిరగడం మొదలెట్టింది. ఆ గోడ చూస్తుంటే గదే ఎటో బయల్దేరినట్టనిపించింది ఆమెకి.

"సందు చివర ఎడమకి తిప్పు," అంది అత్తగారు, కళ్లు మూసుకుని.

అలా మొదలైంది. అది అలవాటయింది, అలవాటు కాస్తా పిచ్చయింది. కోడలు షెడ్డు నుంచి రావడం, వేళ్ల సందుల్లో జిగురు కడుక్కోవడం, ఇద్దరూ చెరో కప్పు టీ తాగడం, ఆ పైన ప్రయాణం. అత్తగారు దారి చెప్పేది. ఎడమకి అంటే కోడలు హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పేది, కుడికి అంటే కుడికి. నేల మీద లేని బండి, ఎంత తిప్పితే ఏం?

"రొట్టెల కొట్టొచ్చింది, ఎడమ పక్క. వాసన తగిలిందా?"

"తగిలింది అత్తయ్యా." ఒట్టు, నిజంగానే తగిలేది ఆమెకి.

"ఇప్పుడు కుడి పక్క నీలం తలుపుల ఇల్లు. అరుగు మీద ముసలి కుక్క ఉంటుంది, నిద్రలో ఉంది. మెల్లిగా పోనీ."

కోడలు తొక్కడం తగ్గించేది. చక్రం సుయ్‌మని మెత్తగా తిరిగేది. కుక్క లేవకుండా ఇద్దరూ ఊపిరి బిగబట్టి దాటేవాళ్లు.

"ఇక్కడ ఎడమకి తిప్పితే వంతెన. ఎత్తు మొదలైంది, నిలబడి తొక్కు."

కోడలు పెడళ్ల మీద లేచి నిలబడేది. నుదుటి మీద చెమట పట్టేది. ఎత్తెక్కాక అత్తగారు "ఆపు, కాసేపు నీళ్లు చూద్దాం" అనేది. అప్పుడు గదిలో చప్పుడుండేది కాదు. కిందనుంచి నీళ్లు పోతుండేవి, వాటి మీద ఆకాశం పోతుండేది. ఒకామె కుర్చీలో, ఒకామె సీటు మీద, ఇద్దరూ వంతెన మీద. మెకానిక్ ఇంటికొచ్చి తలుపు తోస్తే "ష్, వంతెన మీదున్నాం" అనేవాళ్లు. ఆ మనిషి కూడా మంచివాడే, జోళ్లు చేత్తో పట్టుకుని గోడ వారగా నడిచొచ్చి మంచం అంచున కూర్చునేవాడు, ఏమాత్రం తేడా వచ్చినా నీళ్లలో పడేట్టు.

వంతెన అవతల అద్దాల గోదాము. మామగారు అద్దాలు తెచ్చుకునే చోటు. అక్కడిదాకా వెళ్లి అత్తగారు "ఇక చాలే, టీ గిన్నెలు అలాగే ఉన్నాయి" అనేది. అంతే, ఇంటికి తిరుగు దారి ఎప్పుడూ చెప్పేది కాదు. కళ్లు తెరిచేది, ఇంట్లో ఉండేవాళ్లు.

ఇలా హాయిగా గడిచిపోతుంటే అట్టపెట్టెల షెడ్డు వాళ్లకి పుట్టింది బుద్ధి. చోటు చాలడంలేదని షెడ్డుని వంతెన అవతలికి, సరిగ్గా ఆ అద్దాల గోదాము పక్కకి మారుస్తున్నామన్నారు. అటు బస్సు లేదు. సూపర్వైజరమ్మ అందర్నీ నిలబెట్టి, "సైకిల్ ఉన్నవాళ్లు రావచ్చు. లేనివాళ్లు వేరే పని వెతుక్కోండి, నా చేతిలో ఏం లేదు" అంది.

కోడలు చెయ్యెత్తేసింది. "మాకుంది మేడమ్. తొక్కడం కూడా వచ్చు. ఆ దారి నన్ను నిద్రలో అడిగినా చెప్తాను."

అబద్ధం కాదండీ, అదే విడ్డూరం. ఆమె మనసారా నమ్మింది. ఏళ్ల తరబడి రోజూ తొక్కుతున్న మనిషి తనకి తొక్కడం రాదని ఎందుకనుకుంటుంది?

ఇంటికొచ్చి సంగతి చెప్పింది. మెకానిక్ "ఓ, దానికేం, నేను దించిపెడతా. కింద కటింగ్ షాపాయన్ని అడిగితే షాపులో పెట్టుకోనిస్తాడు" అన్నాడు. అత్తగారు టీ కప్పు కింద పెట్టేసింది.

"వద్దు," అంది.

"వద్దేంటమ్మా? పని పోతుంది దానికి."

"అది దిగితే మళ్లీ ఎక్కదురా. ఎవరు మోస్తారు, నువ్వా? నీ స్పానర్ల సంచి మోయడానికే ఆయాసపడతావు." ఆవిడ ఎదురుగోడవైపు చెయ్యి చూపింది. "నీ పెళ్లానికి రోడ్డు దొరుకుతుంది. నాకేం మిగులుతుంది, ఆ గోడ. రోజంతా ఆ సాయంత్రం కోసమే కూర్చుంటానురా నేను. ఇంకేముంది నాకు?"

ఆవిడ చెప్పింది నిజం. షెడ్డు పని పోతే ఇల్లు గడవడం కష్టమన్నదీ నిజం. అదీగాక కోడలికి ఆ షెడ్డంటే ఇష్టం, తోటివాళ్లతో నవ్వులూ, చేతుల కింద చకచకా పెట్టెలు లేవడం. ఆ సాయంత్రం ఆమె సైకిలెక్కలేదు, అత్తగారు ఎక్కమననూ లేదు.

పొద్దున ఆవిడే పిలిచింది. "తీసుకెళ్లవే. నిన్ను కట్టేసుకుని నేను ఎందాకా పోతాను?" అని గోడవైపు తిరిగింది.

మెకానిక్ సైకిల్ భుజాన వేసుకుని దిగాడు. ప్రతి మలుపు దగ్గరా గోడకి కొట్టుకుని తిట్టుకుంటూ, "నాన్న ఎలా మోశాడ్రా బాబూ" అనుకుంటూ దిగాడు. కింది వాటాల వాళ్లంతా వాకిళ్లలోకొచ్చారు మరి, నాలుగో అంతస్తు సైకిల్ దిగడమంటే మాటలా! కటింగ్ షాపాయన కత్తెర పట్టుకునే బయటికొచ్చాడు. కోడలు కొంగు బిగించి, చక్కగా, దర్జాగా ఎక్కింది. తొక్కింది. సైకిల్ కదిలింది కూడా. సందు చివర ఎడమకి తిరగాలి. ఆమె అలవాటుగా హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి తిప్పేసింది.

ఇంకేముంది, చక్రం అడ్డం తిరిగి బండి అక్కడే ఆగింది. ఆమె ఆగలేదు.

అందరూ గొల్లున నవ్వారు. మోచేయి చెక్కుకుపోయింది, సిగ్గుతో చచ్చిపోయింది. ఊళ్లు తిరిగిన మనిషి వీధి చివరిదాకా పోలేకపోయింది! కటింగ్ షాపాయన నవ్వలేదు. సైకిల్ లేపి నిలబెట్టి, "మీకు తొక్కడం బ్రహ్మాండంగా వచ్చు చెల్లెమ్మా. రానిదల్లా పడకుండా ఉండటమే" అన్నాడు. అది నేర్పడానికి ఆ వారమంతా షాపు తెరవకముందు, మూసేశాక, వెనక చెక్క చట్రం పట్టుకుని పరిగెత్తాడు. "హ్యాండిల్ తిప్పకండి, ఒంటిని వంచండి! చక్రం చూడకండి, దూరం చూడండి!" అని ఆయన అరుపులు నాలుగో అంతస్తు దాకా వినిపించేవి. పైన కిటికీలో అత్తగారి తల కనిపించేది. కోడలు తలెత్తి చూసేసరికి ఉండేది కాదు.

కొత్త షెడ్డులో మొదటిరోజు రానే వచ్చింది. కోడలు బయల్దేరింది. సందు చివర ఎడమ, సరిగ్గానే ఉంది. ఆ తర్వాతే వచ్చింది చిక్కు. ఎడమ పక్క రొట్టెల కొట్టు లేదు. అక్కడేదో గోడుంది. రొట్టెల వాసన మాత్రం వస్తోంది, కుడి పక్కనుంచి! చూస్తే కొట్టు అక్కడుంది. "కొట్టు మార్చారేమోలే" అనుకుంది. నీలం తలుపుల ఇల్లు ఎడమ పక్కకొచ్చింది. నీలం వెలిసిపోయింది, కుక్క లేదు, ఇల్లు మాత్రం అదే. ఇళ్లు కూడా మారతాయా? వంతెన కోసం ఎడమకి తిరిగితే ఎదురుగా కలప డిపో గోడ, దారే లేదు. దిగి, వాళ్లనీ వీళ్లనీ అడిగి, సైకిల్ నడిపించుకుంటూ షెడ్డుకి చేరేసరికి సగం పూట అయిపోయింది. సూపర్వైజరమ్మ చూపు చూస్తే నేల బద్దలై అందులోకి పోతే బాగుండుననిపించింది. "నిద్రలో చెప్తానన్నావుగా" అంది. ఆమె తలవంచుకుని జిగురు గిన్నె ముందు కూర్చుంది.

రోజంతా ఒకటే బాధ. ఇన్నేళ్లూ తాను తిరిగిన ఊరు అసలు లేదా? అత్తయ్య అంతా కల్పించి చెప్పిందా?

సాయంత్రం తిరుగు ముఖం పట్టింది. వంతెన ఎక్కింది. పొద్దుటి కంగారులో చూడనేలేదు, కింద నీళ్లు పోతున్నాయి, వాటి మీద ఆకాశం పోతోంది, అచ్చం అలాగే. వంతెన దిగాక దారి ఎడమకి తిరిగింది. ఆమె ఒంటిని కాస్త వంచింది. కుడి పక్క నీలం తలుపుల ఇల్లొచ్చింది. ఎడమ పక్క రొట్టెల కొట్టొచ్చింది. చెప్పినవన్నీ చెప్పిన చోట, చెప్పిన చేతి వైపు, ఒక్కొక్కటే ఎదురొచ్చి దాటిపోతున్నాయి. ఎండ పచ్చగా వాలింది, రోడ్డు మెత్తబడింది, సైకిల్ తనంతట తనే ఇంటివైపు జారుతున్నట్టుంది. ఇదేదో తనకి బాగా తెలిసిన కలలోకి మెలకువతో వచ్చినట్టయింది ఆమెకి. అప్పుడు అర్థమైంది. అత్తయ్య చెప్పినదంతా ఉంది. కాకపోతే అది వెళ్లే దారి కాదు, తిరిగొచ్చే దారి.

సైకిల్ కటింగ్ షాపులో పడేసి, మెట్లు రెండేసి ఎక్కి పైకొచ్చింది. అత్తగారు కుర్చీలో ఉంది. సైకిల్ ఉన్న చోట నేల మీద నూనె మరక మిగిలింది.

"అత్తయ్యా," అంది ఆయాసపడుతూ, "రొట్టెల కొట్టు వెళ్లేటప్పుడు కుడి పక్క. వచ్చేటప్పుడే ఎడమ పక్క."

అత్తగారు చిన్నపిల్ల దొరికిపోయినట్టు నవ్వింది.

"ఆయన తిరిగొచ్చే దారే చెప్పేవారే నాకు. పొద్దున వెళ్లేటప్పుడు అద్దాల మీదే ధ్యాస, పక్కకి చూసేవారు కాదు. సాయంత్రం ఖాళీ బండి మీద వస్తూ అన్నీ చూసుకుంటూ వచ్చేవారు. ఇక్కడ కూర్చుని టీ తాగుతూ చెప్పేవారు. నేను దాన్ని వెనకనుంచి ముందుకి మార్చుకుని నీకు చెప్పాను. పక్కలు కూడా మార్చాలని తోచలేదు."

"అదేంటి? మీరు చూశారుగా. మావయ్య వెనక కూర్చుని..."

"వెనక ఎక్కడే? ఆ చట్రం ఎప్పుడైనా ఊడిందా? నేనెప్పుడూ ఎక్కలేదు."

కోడలు నేల మీద చతికిలబడింది. "ఒక్కసారైనా అడగలేదా మీరు?"

"ఎలా అడగనే?" అత్తగారి కళ్లు నిండాయి. "రోజూ అనుకునేదాన్ని. ఇవాళ అడుగుతాను, చట్రం విప్పి నన్నొకసారి వంతెన దాకా తిప్పమంటాను అని. సాయంత్రం ఆయన దాన్ని భుజాన మోసుకుని నాలుగంతస్తులూ ఎక్కి, గుమ్మంలో నిలబడి రొప్పుతుంటే, మళ్లీ దించండి అని ఏ నోటితో అడగను? రేపు చూద్దాంలే అనుకునేదాన్ని. ఎన్ని రేపులో."

అప్పటికి మెకానిక్ వచ్చి గుమ్మంలోనే నిలబడి వింటున్నాడు. స్పానర్ల సంచి కింద పెట్టడం కూడా మర్చిపోయాడు.

"నేను తీసుకెళ్తాను," అంది కోడలు. "ఆదివారం ఈయన మిమ్మల్ని ఎత్తుకుని దించుతారు."

"మళ్లీ ఎవరు ఎక్కిస్తారు? ఆయన్నే అడగలేకపోయాను, వీణ్ని అడుగుతానా? ఒకసారి మోస్తాడు, రెండుసార్లు మోస్తాడు, మూడోసారి నేనే వద్దులే అంటాను. నా సంగతి నాకు తెలీదా!"

ఆవిడ లేచి, గోడ పట్టుకుని, కిటికీ దాకా వెళ్లింది. అక్కడినుంచి సందు చివరి మలుపు కనిపిస్తుంది. ఆయన రోజూ తిరిగొచ్చిన మలుపు. కింద వాటాకి మారదామని కొడుకు ఎన్నేళ్లుగానో పోరుతున్నాడు. ఆ కిటికీ వదిలి రానని ఆవిడ ఎన్నేళ్లుగానో మొండికేస్తోంది.

"ఒరేయ్," అంది వెనక్కి తిరక్కుండానే, "కటింగ్ షాపు వెనక గది ఖాళీగానే ఉందా?"

"ఉంది గానీ... దానికి కిటికీ లేదమ్మా. చీకటి కొట్టు."

"ఉండనీ. సైకిల్ని పైకి మోయించీ మోయించీ ఆయన్ని అరగదీశాను. ఇప్పుడు ఇంటినే కిందికి దించండి."

మెకానిక్ అప్పటికి గానీ సంచి కింద పెట్టలేదు. కోడలు వెళ్లి అత్తగారిని వెనకనుంచి గట్టిగా పట్టుకుంది. ఆవిడ విడిపించుకోలేదు.

దించారు. మంచాలూ, గిన్నెలూ, బట్టలూ ముందు దిగాయి, ఆఖర్న కుర్చీలో కూర్చోబెట్టి మెకానిక్కూ కటింగ్ షాపాయనా చెరోవైపు పట్టి అత్తగారిని దించారు. "మెల్లిగారా, లిఫ్టు అనుకున్నావా, కిర్రుమని ఆగుతున్నావు" అని దారి పొడుగునా కొడుకుని సతాయించింది. ప్రతి అంతస్తులోనూ జనం బయటికొచ్చి పలకరించారు. కొందరు ఆవిడ ఇంకా ఉందని అప్పుడే తెలుసుకున్నారు.

ఆ ఆదివారం సాయంత్రం మెకానిక్ చట్రం బోల్టులు విప్పాడు. తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. వచ్చాక ఆ చోట క్యారియర్ మీద దుప్పటి మడతపెట్టి కట్టాడు. అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టాడు. ఆవిడ ఒక చెయ్యి కోడలి నడుం చుట్టూ వేసి, రెండో చేత్తో సీటు కింది స్ప్రింగు పట్టుకుంది. కోడలికి వెనక మనిషిని కూర్చోబెట్టుకుని తొక్కడం ఇదే మొదలు. కటింగ్ షాపాయన కొంత దూరం పట్టుకుని పరిగెత్తి, వదిలేశాడు.

సైకిల్ అటూ ఇటూ ఊగి, నిలదొక్కుకుంది. సందు చివర మెల్లిగా వంగింది. రొట్టెల కొట్టొచ్చింది, నీలం తలుపులొచ్చాయి. అత్తగారు ఒక్క మాట మాట్లాడలేదు. వంతెన ఎత్తు దగ్గర కోడలు దిగి, ఆవిణ్ని కూర్చోబెట్టే, ఆపసోపాలు పడుతూ నెట్టుకుంటూ పోయింది. పైకి చేరాక మళ్లీ ఎక్కింది. "నీళ్లు చూస్తారా అత్తయ్యా, ఆపనా?" అనడిగింది.

"ఆపకు, పోనీ," అంది ఆవిడ.

కోడలు కాళ్లు వదిలేసింది. అవతలి పల్లంలో సైకిల్ తనంతట తనే పరుగందుకుంది. ఆవిడ నెరిసిన జుట్టు ముడి ఊడి కోడలి భుజం మీదికి ఎగిరొచ్చింది. వెనకనుంచి వెక్కిళ్ల చప్పుడు. కోడలు భయపడిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే పడతారు, చూడకపోతే ప్రాణం ఆగదు.

"అత్తయ్యా, ఏమైంది? నొప్పిగా ఉందా? ఏడుస్తున్నారా?"

"గాలే," అంది అత్తగారు, ఏడుస్తూ, నవ్వుతూ. "ముఖానికి ఇంత గాలి కొడుతుందని ఆయన ఒక్కనాడూ చెప్పలేదేమే!"